రేవులో ఎర్రచీర

వచ్చే ఆదివారానికి మా పాపకి ఆరేళ్ళు నిండుతాయి. ఈసారి కేకూ, బెలూన్లూ, అపార్టుమెంటు పిల్లలందరి గోలా కాకుండా ఎక్కడికైనా తీసుకెళ్దామని మా ఆయన నెల రోజులుగా అంటూనే ఉన్నారు. మొన్న సాయంత్రం ఆటోనగర్‌లో కొట్టు కట్టేసి వచ్చి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా ఫోను నా ముందు పెట్టారు. కృష్ణ దిగువన ఒక లంకలో రోజంతా విహారమట. వేరేవాళ్ళెవరినీ కలపరట, మన ఒక్క కుటుంబానికే పడవ, మనకే ఒక గైడు, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం అక్కడే. జనసంచారం లేని ప్రశాంత ద్వీపం అని పైన పెద్దక్షరాలతో రాసి ఉంది. కింద ఫోటోలున్నాయి. ఒక్కోటీ వేలితో జరుపుకుంటూ పోయి నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. కప్పు లేని చిన్న గది, సున్నం రాలిపోయిన గోడలు, తూర్పు వైపు విల్లులా వంగిన కిటికీ. దాని కింద 'పురాతన కట్టడం' అని రాశారు. అది మా అమ్మ పదో తరగతి చదువుతుండగా కట్టిన ప్రార్థన మందిరం. దానికి ఇటుకలు మోసిన పిల్లల్లో మా అమ్మ కూడా ఉంది. ఈ 'పురాతన' అన్న మాట వింటే ఆవిడ నవ్వుతుందో, అలుగుతుందో.

జనసంచారం లేని ఆ ద్వీపం మా అమ్మమ్మ ఊరు.

వద్దండీ అన్నాను. మా ఆయన నవ్వి, "నువ్వు బకెట్లో నీళ్ళకి కూడా లైఫ్‌జాకెట్ కావాలంటావు. నీ భయం చూసుకుంటూ కూర్చుంటే బెజవాడలో పుట్టిన పిల్ల కృష్ణని బ్యారేజీ మీంచే చూడాలి" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. పోయినేడు స్కూలు వాళ్ళు నది ఒడ్డుకి పిక్నిక్ పెడితే, లేని జ్వరం ఉందని చీటీ రాసి పాపని మాన్పించిన తల్లిని నేను. రేపు పొద్దున్నకల్లా అవునో కాదో చెప్పాలి, లేకపోతే ఆ ఆదివారం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. పాప నిద్రపోయింది. నేను మాత్రం ఇలా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నా భయం ఆయన అనుకుంటున్న భయం కాదు. మునిగిపోతామని కాదు. పడవ మనల్ని దింపి వెళ్ళిపోయాక, ఆ ఒడ్డున పిల్లకి ఏదైనా అయితే పడవని పిలవాలి కదా, ఆ పిలవడం నాకు చేతకాదు. పోయిన వానాకాలంలో పాపకి జ్వరం తలకెక్కి చేతులు కొట్టుకుంటుంటే, కొట్లో పనిలో ఉన్నారేమో, కాసేపట్లో తగ్గుతుందేమో అనుకుంటూ ఆయనకి ఫోను చెయ్యడానికి అరగంట తటపటాయించాను. ఎదురింటి తలుపు రెండడుగుల దూరంలో ఉంది, అదీ కొట్టలేదు. ఆ తర్వాత డాక్టరు గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకిలా తయారయ్యానో పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆయనకి చెప్పలేదు.

నాకప్పుడు ఏడేళ్ళు. నాన్నకి ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు, అమ్మకి గుంటూరులో టీచర్ ట్రైనింగు. నన్ను చూసేవాళ్ళు లేక ఆ ఏడాది అమ్మమ్మ దగ్గర ఉంచారు. మన ఈడువాళ్ళలో చాలామందికి అలాంటి ఒక ఏడాది ఉంటుందనుకుంటాను, అమ్మానాన్నలు బతుకు కుదురు చేసుకునేదాకా ఇంకొకరి వంటింట్లో పెరిగిన ఏడాది. ఆ లంకలో అప్పుడు ఇళ్ళుండేవి, కందా పసుపూ పండేవి, ఒకే ఒక్క గదితో బడి ఉండేది, బడి వెనక జామతోటలో మాస్టారు కునుకు తీసేవారు. లేనిదల్లా అవతలి ఒడ్డుకి దారి. ఏం కావాలన్నా పడవే. ఆ పడవ నడిపే సరంగు మామయ్య అవతలి ఒడ్డునే తాటాకు పాకలో, తల్లి లేని తన కూతుర్ని పెట్టుకుని ఉండేవాడు. వాళ్ళు చేపలు పట్టే కుటుంబం, మేం ప్రార్థనకి పోయే కుటుంబం, అయినా ఊళ్ళో పిల్లలందరికీ అతను మామయ్యే.

అతన్ని పిలవడానికి మా రేవులో పొడవాటి వెదురు గెడ పాతి ఉండేది. దాని కొసకి చిన్న కప్పీ, అందులోంచి తాడు, మన బళ్ళో జెండా ఎగరేసే ఏర్పాటు లాంటిదే. తెల్ల తువ్వాలు ఎగరేస్తే, మామయ్య తన వల పని చూసుకుని వీలున్నప్పుడు వస్తాడు. ఎర్రచీర ఎగరేస్తే మాత్రం వీలూ గీలూ లేదు, నోట్లో పెట్టుకోబోతున్న ముద్ద కింద పెట్టి రావాలి. ఎగరేసినవాళ్ళు ఎందుకని అతను అడగడు, వస్తాడు. అది ఎవరూ రాసుకున్న కట్టుబాటు కాదు. పాము కాటుకీ, కాన్పు కష్టమైనప్పుడూ తప్ప ఆ చీర బయటికి తీసేవారు కాదు. రేవుకి దగ్గర ఇల్లు మాదే కాబట్టి అది మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, కలరా ఉండల వాసనలో, బైబిలు పక్కన ఉండేది. క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేసేటప్పుడు దాన్ని ఉతికి, రంగు వెలవకుండా నీడన ఆరేసేది. ఇంట్లో కట్టుకునే చీరలకి కూడా ఆవిడ అంత మర్యాద ఇచ్చేది కాదు.

అమ్మ ప్రతి రెండో శనివారం వచ్చేది. శుక్రవారం రాత్రి నుంచే నాకు నిద్ర పట్టేది కాదు. వానాకాలంలో ఒక నెల, అమ్మ రావాల్సిన శనివారం నాటికి నాలుగు రోజులుగా ముసురు, పైన బ్యారేజీ గేట్లు ఎత్తారని రేడియోలో చెప్పారు, కృష్ణ ఎర్రమట్టి రంగు తిరిగి, అరటి బోదెలు కొట్టుకొస్తూ ఉరుకుతోంది. పొద్దున్న ఎవరో ఎగరేసిన తెల్ల తువ్వాలు తడిసి గెడకి అంటుకుపోయి ఉంది, పడవ రాలేదు. రాదని పెద్దవాళ్ళందరికీ తెలుసు. నాకు మాత్రం ఒక్కటే తెలుసు, అమ్మ అవతలి ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడి ఉంటుంది, మామయ్య తీసుకురావడం లేదు, అంతే. మధ్యాహ్నం అమ్మమ్మ దూడని మెరక మీదికి తోలడానికి వెళ్ళింది. నేను ట్రంకుపెట్టె తెరిచాను. చీర బరువుకి తాడు లాగలేక దాన్ని నడుముకి చుట్టుకుని వెనక్కి నడిచిన సంగతి నా పొట్టకి ఇప్పటికీ గుర్తు.

పడవ వచ్చింది. వరద నీళ్ళకి అడ్డంపడి, ఒకసారి కనపడుతూ ఒకసారి కనపడకుండా, మా రేవు దాటి చాలా దిగువకి కొట్టుకుపోయి, అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని గెడ వేసుకుంటూ ఎగువకి వచ్చింది. అడుగున, మామయ్య కాళ్ళ మధ్య, అతని కూతురు అడ్డచెక్కని కావలించుకుని కూర్చుని ఉంది. అయిదేళ్ళ పిల్ల, మూతికి ఇంకా పెరుగన్నం అంటుకునే ఉంది. ఏటి గట్టున ఒంటరిగా వదిలి రాలేక, దిగబెట్టి రావడానికి వ్యవధి లేక, ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తుకొచ్చేశాడు. ఒడ్డు తగలకముందే "ఎవరికే అమ్మాయ్? ఎవరికి?" అని అరిచాడు.

"మామయ్యా, మా అమ్మ ఏదీ?" అన్నాను నేను.

ఆ తర్వాత జనం మూగారు. అమ్మమ్మ పరుగున వచ్చి నా మీద చెయ్యెత్తింది, మామయ్య మధ్యలోకి వచ్చి ఆపాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. గెడ వైపు చూసి, "దించి పిండి ఆరెయ్యి, తడిసిపోతోంది" అన్నాడు. అంతే. అమ్మ అసలు గుంటూరు హాస్టల్లోంచి బయల్దేరనే లేదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రానికి నీళ్ళు ఇంకా పెరిగి మూడు రోజులు వాళ్ళిద్దరూ మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆ పిల్ల నా పక్కలోనే పడుకునేది. పడుకుని, "మా మేక, మా మేక" అని ఏడ్చేది. పాక దగ్గర గుంజకి కట్టిన పాడి మేకని విప్పడానికి కూడా ఆగలేదట వాళ్ళ నాన్న. నాలుగో రోజు వాళ్ళు వెళ్ళి చూస్తే గుంజా, గుంజకి తాడూ ఉన్నాయి.

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బావుండేది. ఆ రాత్రి చీర మడత పెడుతూ, "నువ్వు పిలిచావు, వాడు వచ్చాడు. వచ్చినవాడికి ఏం పోయిందో గుర్తుపెట్టుకో" అంది. గుర్తుపెట్టుకున్నాను. ఎంతగా అంటే, ఇప్పటిదాకా ఎవరినీ పిలవలేనంతగా.

తర్వాత నేను బెజవాడ వచ్చేశాను, గుణదలలో బడి, ఆపైన కాలేజీ, పెళ్ళి. ఏటేటా ఏరు ఒడ్డు కోసుకుపోతుంటే లంకలో వాళ్ళు ఒక్కొక్కరే ఇవతలికి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. అమ్మమ్మ చివరిదాకా ఉండి, తర్వాత మా పిన్ని ఇంట్లో పోయింది. ఆ లంక పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అలాంటిది, దాన్ని ఫోన్లో అమ్మకానికి పెట్టినట్టు చూస్తానని అనుకోలేదు.

ఇవాళ సాయంత్రం ఆయన ఇంటికి రాకముందే, బుక్ చెయ్యకూడదని చెప్పడానికి నాలుగు కారణాలు పోగేసుకుందామని అందులో ఉన్న నంబరుకి ఫోను చేశాను. ఒకావిడ ఎత్తింది. గైడు తనేనని, భోజనం కూడా తనే వండుతానని, పడవ మాత్రం వాళ్ళాయన నడుపుతాడని చెప్పింది. నేను అడగని ప్రశ్న లేదు. పిల్లల సైజు జాకెట్లున్నాయా, తాగే నీళ్ళు ఎక్కడివి, పాములున్నాయా. ఇన్ని అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దంటే, "అడగండి మేడమ్, అమ్మలు అడక్కపోతే ఇంకెవరడుగుతారు? నిన్నొకాయన కూల్‌డ్రింక్ ఏ కంపెనీదని మాత్రం అడిగాడండీ" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అసలు ప్రశ్న అడిగేశాను. పడవ దింపి వెళ్ళిపోతుంది కదా, మధ్యలో పిల్లకి బాగోకపోతే ఎలా పిలుస్తారు?

"ఫోను ఒకచోట అందుద్ది, ఒకచోట అందదండీ. దాన్ని నమ్ముకోం. రేవులో గెడ ఉందండీ, ఎర్రగుడ్డ ఎగరేస్తే మా ఆయన ఎక్కడున్నా వచ్చేస్తాడు."

ఊరికే కడితేనో అన్నాను.

"ఊరికే ఎవరు కడతారండీ?" అంది. ఇక ఆపలేదు. "మా చిన్నప్పుడు ఒకసారి ఇట్టాగే వరదలో ఒక పిల్ల కట్టిందండీ. పడవలో నేనూ ఉన్నా, అయిదేళ్ళు నాకు. తీరా వెళ్తే ఏమీ లేదు. మా మేక పోయింది, దానికోసం నేను ఎన్నాళ్ళు ఏడ్చానో! మావాళ్ళందరూ మా నాన్నని తిట్టారండీ, ఆ పిల్ల వీపు చీరెయ్యకుండా ఎట్టా వచ్చావని. మా నాన్నేమో, వాళ్ళమ్మ మీద బెంగతో కట్టింది, ఊరికే కట్టలేదురా అనేవాడు. పోయేదాకా అదే మాట. అందుకే నేను అందరికీ చెప్తానండీ. భయమేసినా కట్టండి. మా ఆయన వస్తాడు, ఏమీ లేదంటే ఇంత టీ తాగి పోతాడు. ఏం పోయింది?"

మామయ్య పోయాడని అలా తెలిసింది నాకు. బుక్ చెయ్యమంటారా మేడమ్ అని ఆవిడ రెండుసార్లు అడిగింది. రేపు చెప్తానని పెట్టేసి, వంటింట్లో కుళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను. పాప వచ్చి, ఉల్లిపాయలు లేకుండానే ఏడుస్తున్నావేంటమ్మా అని అడిగింది.

రెండు కుటుంబాలు ఒకే మధ్యాహ్నాన్ని ఇరవై ఆరేళ్ళు దాచుకున్నాయి. మా ఇంట్లో అది నేను చేసిన తప్పుగా మిగిలింది. మేకని పోగొట్టుకున్న ఇంట్లో మాత్రం అది, భయమేసినవాళ్ళు ఎవరైనా పిలవొచ్చు అన్న మాటగా మారి, ఇప్పుడు ఊరూ పేరూ తెలియనివాళ్ళ పిల్లలకి కాపుగా ఉంది. అమ్మమ్మ మాట తప్పని అనను. వచ్చినవాడికి ఏం పోయిందో గుర్తుండాల్సిందే. కానీ వచ్చినవాడు ఏమన్నాడో కూడా ఎవరైనా నాకు చెప్పి ఉంటే బావుండేది. బహుశా అతను ఎన్నోసార్లు చెప్పే ఉంటాడు. వినడానికి నేను ఆ ఒడ్డుకి మళ్ళీ పోలేదు.

రాయడం ఇక్కడ ఆపి, పొద్దున్నదాకా ఉండకుండా ఇందాకే బుక్ చేశాను. వాట్సాప్‌లో వాళ్ళు పంపిన వివరాల పట్టికలో ఎంతమందో, పాప వయసెంతో, ఏ కూర పడదో నింపాను. చివర, మీ గురించి మాకు తెలియాల్సింది ఇంకేమైనా ఉందా అని ఒక గడి ఉంది. అందులో 'అప్పుడు ఎర్రచీర కట్టిన పిల్లని నేనే' అని రాశాను. చెరిపాను. మళ్ళీ రాసి పంపేశాను. రేపు పొద్దున్నే మా ఆయనకి మేక సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఆ రోజుల్లో చీర ఎగరేశాక ఇక మనం చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు, రేవులో నిలబడి అవతలి ఒడ్డుకేసి చూడటమే. చూస్తుంటే అక్కడ ఒక మనిషి లేవడం, పడవ కదలడం కళ్ళకి కనపడేది. ఇప్పుడు నా మాట చేరిందని ఫోన్లో రెండు గీతలు పడ్డాయి. అవతల ఎవరైనా ముద్ద కింద పెట్టి లేచారో లేదో ఆ గీతలు చెప్పవు. అయినా, వాటి వైపే చూస్తూ కూర్చున్నాను.