జానెడు ఎక్కువైన గొలుసు

పోయిన నెల కర్నూలులో మా వీధిలో మురుగుకాలువ కోసం కొలతలు తీస్తూ ఇద్దరు పనివాళ్లు టేపు చెరొక కొస పట్టుకుని, నువ్వు వదులుగా పట్టినావంటే నువ్వే బిగించలేదని తగవులాడుకుంటూ ఉంటే, వరండాలో కూర్చున్న నాకు పాతికేళ్ల కిందటి ఒక తడి మైదానమూ, బురదలో సాగదీసిన ఇనుప గొలుసూ, దాని కొసన ఉన్న కర్రను పట్టుకుని నిలబడిన నా చేతులూ గుర్తుకు వచ్చాయి.

కళ్లతో చూసి సరిపోల్చుకోని దేన్నీ నమ్మే స్వభావం కాదు నాది. రసాయనశాస్త్రం చదివినవాణ్ణి, పొద్దున్నే త్రాసును తూనికరాళ్లతో సరిచూడనిదే ఒక్క అంకె కూడా రాసేవాణ్ణి కాను. ఐర్లండులో ఒక పాలపొడి కర్మాగారపు ప్రయోగశాలలో నేను పనిచేసే రోజుల్లో, మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడే యంత్రాల మరమ్మతు చూసేవాడు. కోడుమూరు మెట్టచేలలో పెరిగిన మనిషి. రెండు బస్తాలను రెండు భుజాల మీద వేసుకుని మెట్లెక్కడం చూసి, తోటి పనివాళ్లు ఆయనను తమ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి లాక్కున్నారు. ఆ దేశంలో ఆ ఆటను పట్టించుకునేవారే తక్కువ. ఆడేవారంతా వారమంతా పనిచేసి ఆదివారం నడుములు విరగ్గొట్టుకునే మామూలు ఉద్యోగులు.

కోడిగుడ్డు లాంటి బంతిని పట్టుకుని నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మరో నాలుగు ప్రయత్నాలు, పోలేకపోతే బంతి ఎదుటివారిది. అనుమానం వచ్చినప్పుడు పది గజాల గొలుసును మైదానంలోకి తెచ్చి కొలుస్తారు. ఆ గొలుసు పట్టేవారిని, ఎవరి మైదానంలో ఆట జరిగితే ఆ జట్టే సమకూర్చాలి. పరుగెత్తడం చేతకాని నాకు ఆ పని దక్కింది.

ఆ సీజనంతా వాన, బురద, ఓటమి. మధ్యలో ఒక ఆటలో ఇద్దరు ఆటగాళ్లు మైదానపు గీత దాటి వచ్చి గొలుసు మీద పడటంతో అది తెగింది. మా ప్రాంతంలో ఎద్దులను కట్టే గొలుసు తెగితే ఎలా అతుకుతారో అలాగే బావ ఇనుప తీగను మెలిపెట్టి ఆ రెండు ముక్కలనూ కలిపాడు. నేను జేబులోంచి టేపు తీశాను.

"ఏమప్పా బామ్మర్దీ, నా చేతి పనికే కొలత పెడ్తాండావా? రెండు ఎద్దులు గుంజినా తెగదప్పా ఇది!"

తెగుతుందని కాదు నా అనుమానం, పొడవు మారిందేమోనని. కానీ అక్క భర్త చేసిన పనిని పదిమంది ఎదుట శంకించడం మా ఇళ్లలో ఎరుగం. టేపును మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

చివరి ఆట మా మైదానంలోనే. నాలుగు పాయింట్లు వెనుకబడి ఉన్నాం. గెలుపు గీత కనుచూపు దూరంలో ఉంది. ఆఖరి ప్రయత్నం, బంతి బావ చేతిలో. ఆయన తలవంచి దూసుకుపోయి ముగ్గురి కింద పడ్డాడు. గొలుసు తెచ్చి సాగదీశాం. నా చేతిలోని కర్రకూ బంతి ముక్కుకూ నడుమ నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. రెఫరీ చేయి ఊపాడు, బంతి అవతలివారికి పోయింది, ఒక్క గెలుపూ లేకుండానే ఆ ఏడాది ముగిసింది.

హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని బావ చాలాసేపు బురదలోనే కూర్చున్నాడు.

"బెదిరినా బామ్మర్దీ. వాడు మీదికి వస్తాంటే భుజం ఎనక్కి తీసినా. ఆ నాలుగు వేళ్లు నా పిరికితనమే."

మళ్లీ ఆయన మైదానం తొక్కలేదు.

వారం తరువాత సామాను కొట్టులో సర్దుతూ ఆ గొలుసును కొలిచాను. ముప్పై అడుగులు ఉండవలసినది జానెడు ఎక్కువ ఉంది. మూడుసార్లు కొలిచినా అంతే. బావ పది గజాలు దాటాడన్నమాట. దాటినంత మాత్రాన గెలిచేవాళ్లమని చెప్పలేను. మరో నాలుగు ప్రయత్నాలు దొరికేవి, అంతవరకే నాకు రూఢి. కానీ ఆయన బెదరలేదన్నది మాత్రం నిజం. ఆ నిజం చెప్పాలంటే తీగ కట్టింది ఎవరో కూడా చెప్పాలి. నోరు రాలేదు. స్వదేశానికి వచ్చాక ప్రతి పెళ్లిలోనూ ఆయన తన పిరికితనాన్ని నవ్వులాటగా చెప్పుకునేవాడు. ఆ నవ్వు కళ్ల దాకా వచ్చేది కాదు.

ఆ టేపు తగవు చూసిన మరునాడే కోడుమూరు బస్సెక్కాను. రెండేళ్లుగా బావకు మతిమరుపు. నన్ను గుర్తుపట్టాడు గానీ ఐర్లండును గుర్తుపట్టలేదు. అక్క లోపల కాఫీ కాస్తుంటే, తీగ కట్టింది ఎవరో తప్ప అంతా చెప్పాను. పరాయివాడి కథ విన్నట్టే శ్రద్ధగా విన్నాడు.

"ఆ తీగ కట్టిన తిక్కోడెవరప్పా?"

"నేనే బావా."

"కొలిచి సూసుకోవల్ల గదప్పా!" అని పకపకా నవ్వి, అంతలోనే మొహం దిగాలుగా పెట్టాడు. "పాపం, ఆ పరిగెత్తినోనికి చెప్పినారా, బెదర్లేదని?"

"ఇప్పుడే చెప్పినా" అన్నాను. ఆ మనిషి వాకిట్లో నిలబడి ఉన్నాడేమోనని ఆయన మెడ సాచి చూశాడు.

ఇప్పుడు పెద్ద పోటీలలో గొలుసులు మానేసి కెమెరాలతో కొలుస్తున్నారని ఎక్కడో చదివాను. నేను చూడలేదు గనుక నిజమని చెప్పలేను. నిజమే అయితే, నాలుగు వేళ్ల కోసం ఎవరూ పాతికేళ్లు తలవంచుకోనక్కరలేదు. మా కాలంలో కొలత మనిషి చేతిలో ఉండేది. ఆ చేతిలో టేపు కూడా ఉండింది.