ఒక నొక్కు తక్కువ

మొన్న మా ఆడపడుచు పోయింది. పెద్ద దినానికి ఫొటో కావాలంటే మేముండే అంకులి నుంచి ఆటో ఎక్కి నేనే గేట్ బజార్‌కి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అతను నా ఫోన్లోంచి ఆవిడ బొమ్మ తీసుకుని, నన్ను అడగకుండానే తెర మీద ఏదో పక్కకు జరిపాడు; బతుకంతా కట్టెలపొయ్యి ముందు గడిపిన ముఖం పాలమీగడలా అయిపోయింది. "ఇంకొంచెం తెల్లగా సెయ్యమంటారా మావుసీ?" అన్నాడు, ఇక్కడివాళ్ళు పిన్నిని పిలిచినట్టు. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాను. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ పనే అదే బజారు పక్క సందులో నేను ముప్ఫై ఏళ్ళు చేశాను.

మాది చిన్న స్టూడియో. ముందు గదిలో మా ఆయన ఫొటోలు తీసేవాడు, వెనక చీకటి గదిలో నేను కడిగేదాన్ని. నా ఈడు వాళ్ళకి ఆ ఎర్రబల్బు, ఆ మందుల పులుపు వాసన గుర్తుండే ఉంటాయి. ఎన్‌లార్జరని నిలువు కమ్మీకి తగిలించిన దీపం పెట్టె ఒకటి ఉండేది. నెగటివ్‌లోంచి దాని వెలుగు కింద పరిచిన కాగితం మీద పడి బొమ్మ పెద్దదయ్యేది. ఎంతసేపు పడాలన్నదే పనంతా. తక్కువైతే బొమ్మ పాలిపోతుంది, ఎక్కువైతే మసిబారుతుంది. అందుకని ముందు ఒక సన్నటి ముక్క మీద పరీక్ష చేసేవాళ్ళం, దాన్ని పట్టీ అనేవాళ్ళం. టైమరును మూడు సెకన్లకు పెట్టి ఒకసారి నొక్కి, అట్టముక్కతో కొంత కప్పి మళ్ళీ నొక్కి, మరికొంత కప్పి మళ్ళీ నొక్కి, అలా ఐదు నొక్కులు. మందులో వేస్తే లేత నుంచి ముదురు దాకా ఐదు చారలు తేలేవి. వాటిలో మనిషి సరిగ్గా కనబడే చార ఎన్ని నొక్కులదో చూసుకుని పెద్ద కాగితం మీదికి వెళ్ళాలి.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, అంకెలు మాత్రం టైమరు దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయన ఏడో తరగతి చదివాడు, ఎక్కాలు వచ్చు. మూడో చార బాగుంటే టైమరును తొమ్మిదికి తిప్పి ఒక్కసారే నొక్కమనేవాడు. అలా నొక్కిన ప్రతిసారీ బొమ్మ చారకంటే నల్లగా వచ్చేది, తిట్లు నాకు పడేవి.

"మూడు మూళ్ళు తొమ్మిది కాదేటే, సదువులేని మొకమా?"

"అవుద్ది, మీ బడిలో. ఈ గదిలో అవదు."

నిజంగానే అవదు. దీపం వెలిగిన ప్రతిసారీ నిండు వెలుగుకి రావడానికి రెప్పపాటు పడుతుంది, మూడుసార్లు వెలిగిస్తే మూడు రెప్పపాట్లు పోతాయి. అది ఎవరూ చెప్పలేదు, దీపాన్నే కళ్ళప్పగించి చూసి చూసి నేను కనిపెట్టాను. అప్పటినుంచి బొమ్మనీ పట్టీలాగే మూడేసి సెకన్ల నొక్కులతోనే తీసేదాన్ని, తొమ్మిది జోలికి పోలేదు. మా ఆయన కూడా నోరు మూసుకున్నాడు. నా పట్టీ చెప్పిందంటే చెప్పిందే.

అయితే మనిషి రంగు దగ్గరికొచ్చేసరికి ఆ పట్టీ చెప్పినట్టు నేనే చేసేదాన్ని కాను, అదే అసలు సంగతి. నాలుగో చారలో మనిషి అసలు రంగు కనిపిస్తే మూడే నొక్కులిచ్చేదాన్ని. పెళ్ళిచూపులకి ఇచ్చే ఫొటో తెల్లగా రావాలి, ముసలమ్మ ఫొటో తెల్లగా రావాలి, నెలల పిల్ల ఫొటో కూడా తెల్లగానే రావాలి. ఒక నొక్కు తక్కువ అనేవాళ్ళం దాన్ని. మొదట్లో అడిగినవాళ్ళకే, తరవాత తరవాత అడక్కుండానే.

అలా ఉండగా సముద్రం ఒడ్డునున్న చమఖండి నుంచి ఒకామె వచ్చింది. మన తెలుగు మనిషే. కొడుకు పడవతో వేటకెళ్ళి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. అంతకు ముందు ఏడు ఆ పడవవాళ్ళు గుంపుగా మా దగ్గర ఫొటో తీయించుకున్నారని ఎవరో చెప్పారట. దినం మర్నాడే. కాల్చడానికి ఒళ్ళు లేనివాడికి, ముందు పెట్టుకుని ఏడవడానికి బొమ్మైనా ఉండాలి కదా. గుంపులో కొడుకు మీద వేలు పెట్టి చూపించింది. ముఖం పెసరగింజంత. పెద్ద కాగితం మా దగ్గర ఒకటే మిగిలింది, మళ్ళీ విశాఖపట్నం నుంచి వచ్చేసరికి వారం.

ఒక్కటే కాగితం కాబట్టి పట్టీ మరీ జాగ్రత్తగా, సరిగ్గా ముఖం మీదే తీశాను. నాలుగో చారలో ఒక కన్ను, చెంప, సగం పెదవి ఎంత చక్కగా తేలాయో. నాలుగు అనుకున్నాను. మూడు నొక్కాను. పోయినవాడికి కూడా మేలు చేస్తున్నాననుకున్నానో, చెయ్యి దాని అలవాటుకొద్దీ అది చేసుకుపోయిందో, ఇన్నేళ్ళయినా నాకే తెలీదు.

ఆరబెట్టి తెచ్చి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"ఈడెవుడు తల్లీ?"

"మీ ఓడేనమ్మా, సరిగ్గా సూడు," అన్నాడు మా ఆయన. "పెళ్ళికొడుకులాగున్నాడు."

"పెళ్ళికొడుకు నాకెందుకు బాబూ? నా కొడుకు నలుపు. సేపలతోపాటు ఎండలో ఎండినోడు. నలుగుర్లో ఈడ్ని పెట్టుకుని ఏడిస్తే ఎవుడి గురించి ఏడిసినట్టు?"

ఆమె తలెత్తి చూసేసరికి తీగకు క్లిప్పుతో పట్టీ వేలాడుతోంది. లేచి వెళ్ళి నాలుగో చార మీద వేలు పెట్టింది. "ఇడిగో, ఇక్కడున్నాడు," అంది. ఆ రెండువేళ్ళ ముక్కనే కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. తెల్లబొమ్మ బల్ల మీదే ఉండిపోయింది.

వారం తరవాత కాగితం వచ్చింది. నాలుగు నొక్కులతో తీసి, ఛత్రపురం దాకా బస్సులో, అక్కణ్ణుంచి చమఖండికి నడిచి తీసుకెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చూసింది. ఈసారి కొడుకును పోల్చుకుంది. కానీ చెయ్యి చాపలేదు.

"ఆడ్ని సాగనంపేసినాం తల్లీ. ఇప్పుడు లోపలికి తెస్తే మళ్ళీ సాగనంపాల. నావల్ల కాదు, ఎల్లిపో."

తిరిగొచ్చాక ఒక నొక్కు తక్కువ మానేశానని చెప్తే మీరు సంతోషిస్తారు. మానలేదు. గిరాకీ అది. కాకపోతే, చనిపోయినవాళ్ళ ఫొటో అయితే మాత్రం ముందు పట్టీని ఇంటివాళ్ళ చేతికిచ్చి, ఇందులో మీవాళ్ళు ఎక్కడున్నారో చూపించమనేదాన్ని.

ఇప్పుడు స్టూడియో లేదు, మా ఆయన లేడు, ఆ కాగితమూ దొరకడం లేదు. యాభై దాటాక మనవరాలి పుస్తకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. కొత్తగా వచ్చిన అక్షరాలు కదా, ఇంట్లో మిగిలిన పాత ఫొటోలన్నీ ముందేసుకుని ఒక్కోదాని వెనకా పేరు రాసుకుంటూ వచ్చాను. ఆ తల్లి తీసుకోని నాలుగు నొక్కుల బొమ్మ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఆ ముఖం మీద ఎన్ని నొక్కులు పడాలో అంతసేపు ఆలోచించిన నేను, వాడి పేరేమిటని ఆ తల్లిని అడగనే లేదు. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీస్తే తేదీ, ఊరు వాటంతటవే పడుతున్నాయి. అప్పుడు నోరు తెరిచి అడిగితేనే తెలిసేది. చమఖండి పట్టుకెళ్ళి చూపిస్తే పోల్చేవాళ్ళు ఒకరిద్దరు ఇంకా మిగిలే ఉంటారు. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే మోకాళ్ళు పోయేదాకా వచ్చాను. ఆ ఫొటో వెనక ఇంకా ఏమీ రాయలేదు.