స్కోరు పట్టికలో నీళ్ల గడి

మా పీడీ సార్ పోయారన్న కబురు నాకు కాలేజీ నుంచి రాలేదు. మహబూబ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసే పాత విద్యార్థిని ఫోన్ చేసి చెప్పింది. కోస్గి దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఒకప్పుడు మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే పొడగరి.

"సారు సచ్చిపోయిండంట మేడం. మూడు దినాలు దవాఖానల ఉన్నడంట," అంది. "మంచిగైందని అంటలేను. పాపమని గూడ అంటలేను. మీకు చెప్పాలనిపించింది, చెప్పిన. గిరాకి వచ్చింది, పెడుతున్న."

సంతాప సభ అయ్యాక కాలేజీ వాళ్లు, ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాసిమ్మని అడిగారు. మంచివే రాయాలంటే నాలుగు దొరకడం కష్టం. ఆయన మీద నాకున్న కోపం ఆయనతోపాటు పోలేదు. కనుక ఉన్నదే రాస్తాను.

నల్గొండలో మాది ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. నేను స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని, ఆయన ఆటలు ఆడించేవారు. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లు. ఒక రోజు స్టాఫ్ రూములోకి వచ్చి నా ముందు ఒక పొడుగాటి రిజిస్టర్ పడేశారు.

"మేడం, ఊకె నల్లబల్ల మీద సగటు తీస్తే ఏం ఫాయిదా? వచ్చి జర మా మ్యాచుల లెక్క రాయుండ్రి."

అడగడం కాదది, ఆజ్ఞ. అయినా వెళ్లాను. ఎవరు ఎన్నిసార్లు బుట్టలోకి విసిరారు, ఎన్ని పడ్డాయి, బోర్డుకు తగిలి వచ్చిన బంతిని ఎవరు అందుకున్నారు, ఎవరు పోగొట్టారు, అన్నీ క్వార్టర్ల వారీగా రాసేదాన్ని. మర్నాడు పొద్దున ఆ పట్టికను ఆయన తన చేత్తో తిరగరాసి నోటీసు బోర్డుకు గుచ్చేవారు. పోగొట్టిన బంతులన్నీ ఎర్ర సిరాతో. పిల్లలు దాని ముందు తల వంచుకుని నిలబడితే నాకు ఒళ్లు మండేది.

"ఎర్ర సిరా ఎందుకు సార్? కాలేజీ అంతా చూస్తుంది."

"చూడాలనే పెట్టిన. సిగ్గైతేనే చెయ్యి సక్కగైతది."

"సిగ్గైతే చెయ్యి వణుకుతుంది."

"మీరు లెక్క రాయుండ్రి మేడం. వణుకుడు నేను జూసుకుంట."

ఆయన ఏ పిల్లనూ పేరుతో పిలవగా నేను వినలేదు. చొక్కా మీద నంబరే పేరు. కోస్గి పిల్ల తొమ్మిది నంబర్. ఈలను బూటు లేసుకు కట్టి మెడలో వేసుకుని, జేబులో సోంపు పోసుకుని తిరిగేవారు. మ్యాచ్‌కు ముందు కోర్టు మీది గులకరాళ్లను మాత్రం తానే ఊడ్చేవారు, ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. నిలబడిపోయిన పిల్ల కనిపిస్తే అవతలి ఊరికి కూడా వినపడేలా అరిచేవారు: "బంతి మీ మేనమామనా, ఇంటికొచ్చి పలకరియ్యనీకె? నువ్వే పోవాలె!" అవతలి జట్టు పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

బయటి ఊళ్ల మ్యాచులకు చీకటి విడవకముందే బస్సు ఎక్కేవాళ్లం. ఆత్మకూర్ వైపు ఒక గ్రౌండులో ఎప్పుడూ గాలే. కాగితాలు ఎగిరిపోకుండా నా నీళ్ల సీసాను రిజిస్టర్ మీద బరువుగా పెట్టుకుని రాసేదాన్ని.

సీజన్ అయిపోయాక, జట్టు బలమేమిటో బలహీనత ఏమిటో తేల్చి రాయమన్నారు. రాశాను. నిజం చెప్పాలంటే ఇష్టంగా రాశాను. బోర్డు కింద బంతి అందుకోవడంలో మనవాళ్లను మించిన జట్టు లేదు. బంతి చేతులు మార్చడం బాగుంది. ఫ్రీ త్రోలు అంతంతమాత్రం. అన్నిటికంటే పెద్ద లోపం ఆఖరి క్వార్టర్. మూడు క్వార్టర్లు ముందుండి చివర్లో కూలిపోతున్నాం. విసిరినవి తప్పుతున్నాయి, చేతిలో ఉన్నవి జారుతున్నాయి. అందరికంటే ఎక్కువ పడిపోతున్నది తొమ్మిది నంబర్. 'దమ్ము నిలవడం లేదు' అని చివరి వాక్యం రాసి సంతకం పెట్టాను.

ఆయన నిలబడే చదివారు. రెండోసారి కూర్చుని చదివారు.

"నా కండ్లకైతే ఆ పిల్లకు దమ్మున్నదనే అనిపిస్తది. మీ కాయితమేమో గిట్లంటాంది."

"కళ్లు మోసపోతాయి సార్," అన్నాను. క్లాసులో ఏటా చెప్పే మాటే.

యూనివర్సిటీ జట్టు ఎంపికకు మా కాలేజీ నుంచి ఇద్దరి పేర్లు వెళ్లాలి. తొమ్మిది నంబర్ పేరు కొట్టేసి ఇంకొకరిది రాశారు. ఏడాదంతా నా మాట ఒక్కటీ వినని మనిషి, వినకూడని ఆ ఒక్క మాటా విన్నారు.

నాలుగు రోజులకు ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నాకు దమ్ము లేదని మీరే రాసిండ్రంట గద మేడం. గొర్ల ఎంబడి పొద్దంత నడిచినదాన్ని. నాకు దమ్ము లేదా?"

"అంకెలు అట్లా వచ్చాయమ్మా."

"ఏ మ్యాచులల్ల వచ్చినయి? మన కాలేజిల ఆడినయి జూడుండ్రి. బయట ఆడినయి జూడుండ్రి. బయటికి పోయిననాడు పొద్దుగాల్ల నుంచి చుక్క నీళ్లు తాగం మేడం. తాగితే యాడికి పోవాలె? గోడ మీద ఊరంత కూసొని ఉంటది. మొదాలు బాగనే ఉంటది, ఆఖరికి కండ్లు తిరుగుతయి." ఆమెది ఏడుపు కాదు, కోపం. "మీకెరుక లేదా? మీ సీసా ఎన్నడన్న ఖాళీ అయిందా మేడం?"

కాలేదు. బరువుగా పెట్టిన సీసాను అట్లాగే నిండుగా ఇంటికి తెచ్చి పూలకుండీలో ఒంపేదాన్ని. ఎందుకు తాగడం లేదో ఒక్కనాడూ ఆలోచించలేదు. అది నాకూ చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. ఆడవాళ్లు ప్రయాణంలో నీళ్లు తాగరు, అంతే.

రిజిస్టర్ తీసి ఇంటి మ్యాచులు ఒకవైపు, బయటివి ఒకవైపు పెట్టాను. పావుగంట పని. మొదటి సెమిస్టర్ పిల్లలకు నేను చెప్పే పాఠమే: తీరు వేరైన వాటిని కలిపి సగటు తీయకూడదు. ఇంటి దగ్గర తొమ్మిది నంబర్ ఆఖరి క్వార్టర్‌లోనే అందరికంటే బాగా ఆడింది. బయటికి పోతే అందరూ వాడిపోయారు. పొడగరి కాబట్టి ఎక్కువ ఎగిరేది, కాబట్టి ఎక్కువ వాడింది.

గ్రౌండుకు పోయి చెప్పాను. మగవాడికి ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక మెలికలు తిరిగాను. అర్థమయ్యాక ఆయన మొహం నల్లబడింది.

"సీజనంత నా పక్కనే కూసున్నరు. మీరు ఆడమనిషే గద! గీ ముచ్చట ఇప్పుడా చెప్పేది?"

"ఇన్నేళ్లుగా పిల్లల్ని తిప్పుతున్నారు కదా, మీరు ఒక్కసారన్నా అడిగారా?"

"నన్ను జూస్తే పిల్లలు చెప్తరా?"

"చెప్పేలా ఎప్పుడన్నా ఉన్నారా? పేరు మార్చి పంపండి సార్."

"పోయింది. పంపిన కాయితం వాపసు తీసుకోను. నా మాటకు ఇజ్జత్ ఉండదు."

ఆయన ఇజ్జత్ నిలిచింది. పిల్ల తర్వాతి ఏడు చొక్కా తొడగలేదు. డిగ్రీ ముగించి దుకాణంలో చేరింది. యూనివర్సిటీ జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆటల టీచరు కొలువుకు అక్కరకొచ్చేదని ఆమె ఆశ. దక్కేదో లేదో నాకు తెలియదు. ప్రయత్నించే వీలు లేకుండా చేసింది మాత్రం మేమిద్దరం.

మరుసటి ఏడు నుంచి ఆయన ఒక పని చేశారు. దాన్ని మెచ్చుకోవాలంటే నాకిప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. ప్రతి బయటి మ్యాచ్‌కు ముందురోజు స్కూటర్ మీద ఆ ఊరికి పోయి, గ్రౌండు పక్కన మరుగుదొడ్డి ఉన్న ఇల్లు వెతికి, ఆ ఇంటి ఆడమనిషిని అడిగి ఒప్పించి వచ్చేవారు. బ్రేకు ఈల ఊదగానే, "పోయి రాపోండ్రి, నీళ్లు తాగుండ్రి!" అని అదే తిట్టే గొంతుతో అరిచేవారు. ఆ ఏడు మొదటి బయటి మ్యాచ్‌కు నేను కోపంతోనే వెళ్లి కూర్చున్నాను. మర్నాడు నోటీసు బోర్డు మీద పట్టికకు కొత్త గడి చేరింది: నీళ్లు. ఒక్కొక్క నంబర్ ఎదురుగా ఎన్ని గ్లాసులో. అందరికంటే కింద 'లెక్కల మేడం' అని రాసి, ఎదురుగా సున్నా. చుట్టూ ఎర్ర సిరా.

పిల్లలు నవ్వుతున్నారు. కాగితం పీకి సంచీలో పడేసుకుని వచ్చేశాను. మళ్లీ స్కోరు రాయలేదు. ఆయన రమ్మననూ లేదు.

ఇది రాయడానికి కూర్చునే ముందు కోస్గి పిల్లకు ఫోన్ చేశాను.

"సారు ఒకపారి మా ఊరికొచ్చిండు మేడం, మీకు చెప్పలే. మా నాయిన చాయ పోసిండు. గిలాస అట్లనే పట్టుకొని, 'లెక్క తప్పిందే బిడ్డా' అన్నడు. ఎవల లెక్కనో చెప్పలే. లేశిపోయిండు."

"నువ్వేమన్నావు?"

"చాయ చల్లగైంది గద సార్ అన్న." ఎవరికో చీర ధర చెప్పి మళ్లీ అందుకుంది. "పేరు పెట్టి పిలిశిండు మేడం ఆ దినం. అప్పుడే ఎరికైంది, సారుకు నా పేరు తెలుసని."

ఎవరి లెక్కో చెప్పకుండా ఆయన నన్ను కాపాడారా, తనను కాపాడుకున్నారా? అడుగుదామంటే మనిషి లేడు. దానికీ కోపంగానే ఉంది.

ఆనాడు పీకి తెచ్చిన పట్టిక ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఫ్యాను గాలికి అంచులు లేస్తుంటే దాని మీద నీళ్ల సీసా పెట్టాను. సగం తాగిన సీసా. మిగిలిన నీళ్ల అడుగున ఆ ఎర్ర సున్నా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తోంది.