చుక్కమ్మ డాక్టరుకు చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలు విరిగినా ఎవరో కావాలని చేశారనే అనుకునేవాళ్ళం. కోడి గుడ్డు పెట్టకపోతే ఎదురింటివాళ్ళ కళ్ళు పడ్డాయనేవాళ్ళం. మా నాయనకు ఈ గుణం అందరికన్నా ఒక పాలు ఎక్కువ. అది నాకూ వచ్చింది, దాచుకోవడం ఎందుకు? ఇప్పటికీ కూరగాయలవాడి తక్కెడ వంక రెండుసార్లు చూస్తాను. అయితే అనుమానపడటం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు నేర్పింది మాత్రం ఒక పశువుల డాక్టరు.

మాది అనుమసముద్రంపేట. నాయన జట్కా తోలేవాడు. ఆత్మకూరులో బస్సు దిగి మా ఊరి దర్గాకు వచ్చేవాళ్ళను తీసుకురావడం, తిరిగి దించి రావడం ఆయన పని. మా గుర్రానికి నుదుట తెల్లమచ్చ ఉండేది. అందుకని చుక్కమ్మ అనేవాళ్ళం. మా సంసారమంతా దాని నాలుగు కాళ్ళ మీదే నడిచేది. రాత్రి ఉలవలు నానబోసి, పొద్దున్నే ఉడికించి, ఆ నీళ్ళతో మేము చారు కాచుకొని, గింజలు దానికి పెట్టేవాళ్ళం. ఒకే కుండలోది తినేవాళ్ళం గనుక చుక్కమ్మ కూడా మా ఇంట్లో మనిషే.

ఆ వారం అవ్వకు ఒంట్లో బాగాలేదని అమ్మ మర్రిపాడు వెళ్ళింది. ఉలవల పని నాకు అప్పగించింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గురువారం సాయంత్రం దర్గా దగ్గర గాజుల అంగళ్ళ ముందు తిరిగి తిరిగి వచ్చి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. తెల్లారి చూస్తే ఉలవలు డబ్బాలో ఎండుగానే ఉన్నాయి. నాయనకు తెలిస్తే నా వీపు పగులుతుందని భయం. ఆ ఎండు గింజలే సంచిలో పోసి చుక్కమ్మ మూతికి కట్టాను. అది పటపటా నమిలేసింది. అలా నమలడం చూసి, ఉడికించడమంతా దండగ చాకిరీ అని కూడా అనుకున్నాను.

ఆ పొద్దున్నే ఇంకొకటి జరిగింది. మా వెనక వీధిలో మరొక జట్కా ఆయన ఉండేవాడు. చేజర్ల నుంచి వచ్చి స్థిరపడ్డాడు కాబట్టి చేజర్ల మామ అని పిలిచేవాళ్ళం. మనుషులను ఎక్కించుకునే దగ్గర నాయనకూ ఆయనకూ వారం కిందటే మాటామాటా పెరిగింది. అలాంటి మనిషి తన గట్టు మీద కోసిన పచ్చిగడ్డి ఒక మోపు తెచ్చి మా వాకిట్లో వేసి వెళ్ళిపోయాడు. తగాదా పడినవాడు గడ్డి ఎందుకు తెస్తాడని నాయన గొణిగాడు. గొణుగుతూనే దాన్ని చుక్కమ్మకు వేసి, కడుపునిండా నీళ్ళు తాగించి, బండి కట్టాడు.

మొదటి తడవ ఆత్మకూరు వెళ్ళి వచ్చేసరికే చుక్కమ్మ నిలవలేకపోయింది. ముందుకాలితో నేలను గీరేది. మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్క చూసుకునేది. ఒళ్ళంతా చెమట. బండి విప్పగానే పడుకొని పొర్లడం మొదలుపెట్టింది.

"గడ్డిలో లేత జొన్న కలిపినాడు రా! నా గుర్రాన్ని చంపను చూసినాడు!" అని నాయన అరిచాడు. వాకిలంతా మనుషులు మూగారు. లేత జొన్న పశువులకు విషమని అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఇక అందరికీ జ్ఞాపకశక్తి పెరిగిపోయింది. చేజర్ల మామ తెల్లారకముందే మా కొట్టం చుట్టూ తిరిగాడని ఒకరు, నిన్న గుర్రం వంక అదోలా చూశాడని ఒకరు. నాయన చెర్నాకోల పట్టుకొని ఆయన ఇంటిమీదికి బయలుదేరాడు. ఇద్దరు పట్టి ఆపారు.

నేను నోరు తెరవలేదు. నిజం చెప్పాలంటే ఆ మాటలు వింటుంటే నాకూ చేజర్ల మామ మీదే అనుమానం వచ్చింది. రావాలని కోరుకున్నాను.

ఎవరో సైకిలు మీద వెళ్ళి కబురు చెబితే ఆత్మకూరు నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. మావాళ్ళు శొంఠి, వాము కషాయం కాచి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయన వద్దన్నాడు. గుర్రానికి వాంతి కాదని, లోపలికి పోయింది పైకి రాదని చెప్పి, దాన్ని లేపి నడిపించాడు. డొక్కకు చెవి ఆనించి విన్నాడు. ఏం తినిందని అడిగాడు. అందరూ ఎవరు పెట్టారో చెప్పారు.

"ఎవరనేది నాకొద్దు. జొన్న విషమైతే ఒక మందు, గింజ ఉబ్బితే వేరే మందు. తప్పు మందు వేస్తే గుర్రం దక్కదు" అని ఆయన విసుక్కున్నాడు.

ఆయన అందరినీ వాకిలి బయటికి పంపి, నన్ను మాత్రం గోరువెచ్చని నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చాను. మళ్ళీ డొక్కకు చెవి ఆనించి, నావైపు చూడకుండానే అన్నాడు. "చుక్కమ్మ నాకొక సంగతి చెప్పింది పాపా. ఏం తినిందో చెప్పింది. ఎవరు పెట్టినారో చెప్పలేదు, నేనూ అడగలేదు. అది చెప్పింది నిజమో కాదో నువ్వు ఒక్క మాట చెబితే చాలు."

నా కళ్ళు ఉలవల డబ్బా మీదికి పోయాయి. "ఎండువి" అన్నాను.

మూతిసంచి అడుగున మిగిలిన గింజలు ఆయన ముందే చూసి ఉంటాడని చాలా ఏళ్ళ తరవాత నాకు అనుమానం వచ్చింది. ఆ పూట మాత్రం గుర్రమే చెప్పిందని నమ్మాను.

ఆయన ముక్కులోంచి రబ్బరు గొట్టం కడుపులోకి దించాడు. పులిసిన వాసనతో గాలి బుస్సుమని వచ్చింది. తరవాత నూనె పోశాడు. మళ్ళీ నడిపించారు. పొద్దు వాలుతుండగా చుక్కమ్మ లద్దె వేసింది. లద్దెను చూసి ఏడ్చిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను, మా నాయనను.

ఎండు ఉలవలు నీళ్ళకు ఉబ్బాయని డాక్టరు చెప్పాడు. మేము ఎప్పుడూ ఉడికించినవే పెడతామని నాయన అన్నాడు. "అయితే ఆ చేజర్లోడే ఎండువి తెచ్చి పోసింటాడు" అని చెర్నాకోల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. డాక్టరు తన పెట్టె మూస్తున్నాడు. నావైపు చూడలేదు. ఎవరనేది తనకొద్దన్న మాట నిలబెట్టుకున్నాడు. ఇక చెప్పవలసింది నేనే.

"నేనే పోసినాను నాయనా" అన్నాను.

నాయన కొట్టలేదు. చెర్నాకోల కొయ్యకు తగిలించి, చుక్కమ్మ పక్కన కూర్చొని దాని డొక్క నిమిరాడు. మూడోనాడు డాక్టరు దానికి గుప్పెడు మెత్తని పచ్చిగడ్డి పెట్టవచ్చన్నాడు. నాయన నా చెయ్యి పట్టుకొని చేజర్ల మామ ఇంటికి నడిచాడు. వాకిట్లో నిలబడి, తప్పైందని అనలేక, "మీ గట్టు మీద గడ్డి ఇంకా ఉండాదా?" అని అడిగాడు.

ఊరంతా అనుకున్నది ఆయన చెవిన పడకుండా ఉంటుందా? "ఉండాది. ముందు నేను నమిలి చూపించమంటావా?" అన్నాడు. నాయన తల దించుకున్నాడు. చేజర్ల మామ కొడవలి తీసుకొని గట్టువైపు నడిచాడు.

నా అనుమానపు గుణం పోలేదు, ఈ వయసులో ఇక పోదు కూడా. కానీ ఎవరిమీదైనా వేలు చూపించబోయేసరికి చేజర్ల మామ అడిగిన ఆ ప్రశ్న చెవిలో పడుతుంది. ఆరోజు దించుకున్నది నాయన తల, దించుకోవలసింది నాది. అందుకే ఇంట్లో ఏది చెడినా ముందు నేనేం పెట్టానో గుర్తు చేసుకుంటాను. వీధివైపు ఆ తరవాతే చూస్తాను.