సార్ ముందు చెప్పిన జవాబులు

ముప్పై ఖాళీ ఫారాలు సంచిలో పెట్టుకున్న రోజు నాకు అన్నం సయించలేదు. ప్రజాస్వామ్యం గురించి పెద్దపెద్దవాళ్లు ఏమన్నారో ఎంఏలో రెండేళ్లు బట్టీ పట్టాను. ఇప్పుడు సీతాఫల్‌మండిలో మా చుట్టుపక్కల ఉండే మామూలు మనుషుల్ని అదే మాట అడగబోతున్నాను. వాళ్లు ఏం చెబుతారో నాకు తెలియదు, మా గైడ్ మేడమ్‌కీ తెలియదు. ఎవరికీ తెలియని సంగతి మొదట నా చెవిన పడబోతోందన్న సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు.

అది అసలు సర్వే కాదు, దానికి ముందు చేసే చిన్న ప్రయత్నం. ఓటర్ల జాబితాలోంచి ఇన్ని పేర్లకు ఒకటి అన్న లెక్క ప్రకారం ముప్పై పేర్లు తీశాను. ఇది సరిగ్గా వస్తేనే మా గైడ్ మేడమ్ నా పీహెచ్‌డీ టాపిక్ మీద సంతకం పెడతారు. రాకపోతే లైబ్రరీలో కూర్చుని పాత రిపోర్టులు తిరగేసే టాపిక్ ఒకటి నాకోసం సిద్ధంగా ఉంచారు. ఆ లైబ్రరీ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

మమ్మీ గుమ్మంలోనే ఆపేసింది. "ఎవరింటికి పడితే వాళ్లింటికి ఒక్కదానివే వెళ్తావా? డాడీని తీసుకెళ్లు."

డాడీ గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చినవారు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ పాఠాలు చెప్పి, అంతకు ముందు ఏడాదే రిటైరయ్యారు. పిలిస్తే చాలన్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరారు. నాకూ ధైర్యంగానే అనిపించింది.

ప్రతి ఇంట్లోనూ మాకు రాజమర్యాదలే. కుర్చీలు తుడిచి వేశారు, టీలు ఇచ్చారు. సగం మంది డాడీ దగ్గర చదువుకున్నవాళ్లు, మిగతావాళ్ల పిల్లలు ఆయన దగ్గర చదువుకున్నారు. రెజిమెంటల్ బజార్‌లో కొట్టున్న ఒక దర్జీ అయితే, నలభై దాటిన మనిషి, డాడీని చూడగానే మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు.

"ఎన్నికలు, అసెంబ్లీ ఏవీ లేకుండా ఒక గట్టి నాయకుడు నడిపిస్తే దేశం బాగుపడుతుందా?" అని నేను అడిగాను.

"తప్పు సార్," అన్నాడు డాడీ వైపు చూసి.

డాడీ నోరు విప్పలేదు. తల మాత్రం ఊపారు. ఆ తల ఎంత పని చేస్తోందో నాకప్పుడు అర్థం కాలేదు. నాలుగు రోజుల్లో ఫారాలన్నీ నిండిపోయాయని గంతులేస్తూ యూనివర్సిటీకి వెళ్లాను.

మేడమ్ అయిదు ఫారాలు చదివి కళ్లజోడు తీశారు. "ఓటు గురించి అడిగితే అందరూ 'పౌరుని పవిత్ర బాధ్యత' అన్నారేంటి? వీళ్లంతా ఒకే బళ్లో చదివారా?"

"చాలామంది అంతే మేడమ్."

"ఎవరి దగ్గర?"

"మా డాడీ దగ్గర. ఆయన నాతోనే వచ్చారు."

మేడమ్ నవ్వారు. అంతగా నవ్వడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. "ఇవి అభిప్రాయాలు కావమ్మా, పరీక్ష పేపర్లు. దిద్ది మార్కులు వెయ్యమంటావా?" అని, జాబితా తీసి చూశారు. అందులో ఒక పేరు వదిలేసి, దాని కింది పేరు తీసుకున్నట్టు కనిపెట్టేశారు. అది డాడీ పేరే. ఇంట్లో మనిషిని ఏం అడుగుతాంలే అని నేనే దాటేశాను. "పడ్డ పేరు పడ్డట్టే. మళ్లీ మొదటినుంచీ చెయ్యి. శనివారంలోగా తేకపోతే లైబ్రరీయే నీకు గతి."

బస్సెక్కేదాకా ఏడుపు ఒక్కటే తక్కువ. సీటు దొరికాక మాత్రం ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టింది. సార్ ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకో జవాబు వస్తే? దాన్ని మించిన సంగతి ఏ పుస్తకంలో ఉంది? స్టేషన్ దగ్గర దిగాల్సినదాన్ని ఆ ధ్యాసలో రెండు స్టాపులు దాటిపోయాను.

డాడీకి చెప్పడమే కష్టమైంది. మళ్లీ తిరగాలనగానే చొక్కా వేసుకున్నారు. ఈసారి రావద్దన్నాను. "నేనేమన్నా అందించానా వాళ్లకి?" అన్నారు.

"లేదు డాడీ. వాళ్లు మీ ముఖం చూసి చెబుతున్నారు."

గొడుగు మూలన పెట్టి పేపరు తీసుకున్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది. అయినా, అబద్ధమెందుకు, మెట్లు మాత్రం రెండేసి చొప్పున దిగాను.

ఈసారి దర్జీని కొట్లోనే పట్టుకున్నాను. టేపు మెడలోనే ఉంది, మిషను తొక్కుతూనే ఉన్నాడు.

"అప్పుడు సార్ ఉండె గదమ్మా. సార్ ముంగట తప్పు చెప్తే ఇప్పటికీ భయమే," అన్నాడు. "గట్టోడు ఒకడు వచ్చి చేస్తే మంచిగనే ఉంటది. ఎలక్షన్లు షురూ అయితే మా గల్లీల అన్నదమ్ములు సుత మాట్లాడుకోరు. అంత పరేషాన్."

"అయితే ఎన్నికలు తీసేద్దామా?"

మిషను ఆపాడు. "వద్దు. ఆ గట్టోడు మంచిగ చెయ్యకుంటే ఎవరికి చెప్పుకోవాలె? ఇప్పుడైతే అయిదేండ్లకు ఒక్కపారన్న మా ఇంటి ముంగటికొచ్చి దండం పెడతరు. ఆ దండం నాకు కావాలె."

దీనికి నా ఫారంలో గడి లేదు. అవును, కాదు అన్న రెండు గడులూ ఈ మనిషికి చాలవు. ఫారం తిప్పి, వెనకవైపు గబగబా రాసుకున్నాను. చెయ్యి నొప్పెడుతున్నా ఆపాలనిపించలేదు.

మొదటిసారి "నా ఇష్టప్రకారమే వేస్తానండీ" అని అప్పజెప్పిన ఇద్దరు పిల్లల తల్లి, ఈసారి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "మా ఆయన చెప్పినోళ్లకే ఏస్తనని ఆయనకు చెప్త. లోపలికి పోయినంక ఎవరు చూస్తరు? నా ఇష్టం. జెర ఇది రాసుకోకు."

"పేరు ఉండదక్కా. నంబరే."

"అట్లనా? అయితే రాసుకో. మంచిగ పెద్దగ రాసుకో."

రోడ్డు మీద నాలో నేనే నవ్వుకుంటూ నడుస్తుంటే జనం చూసేవారు. చూస్తే చూశారు.

శుక్రవారం సాయంత్రానికి ఇరవై తొమ్మిది అయ్యాయి. మిగిలింది డాడీ. ఇంట్లోనే అయినా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ఎదురుగా కూర్చున్నారు. "ఇప్పటిదాకా ఎన్ని ఎన్నికల్లో ఓటు వేశారు?" అని అడుగుతూనే 'అన్నింట్లో' అని రాసేశాను. ఈయన్ని అడగాలా అనుకున్నాను.

డాడీ ఆ మాట తలకిందులుగానే చదివారు. "కొట్టెయ్యమ్మా," అన్నారు. "ఒక్కసారీ వెయ్యలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఉద్యోగంలో చేరింది మొదలు ప్రతి ఎన్నికకీ నన్ను డ్యూటీ వేసేవాళ్లు. ఇక్కడ పోలింగ్ అంటే నేను ఇంకెక్కడో ఊళ్లో పెట్టె ముందు కూర్చుని ఉండేవాణ్ణి. పోస్టులో వేసుకోవచ్చన్నారు. ఒకసారి అప్లికేషన్ పెట్టాను. కాగితం వచ్చేసరికి లెక్కింపు కూడా అయిపోయింది. మళ్లీ పెట్టలేదు."

"ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పలేదేం డాడీ?"

"సిగ్గేసింది. పిల్లలకి పొద్దస్తమానం ఓటు పాఠం చెప్పేవాణ్ణి, నేనే వెయ్యలేదని ఎట్లా చెప్పను? ఎవరూ అడగలేదు కూడా."

'అన్నింట్లో' కొట్టేసి 'ఒక్కసారీ లేదు' అని రాశాను. ఇంకా ఫారంలో తర్వాతి ప్రశ్న ఉంది, అడగకుండా వదలకూడదు. "మీ ఓటు వల్ల ఏమైనా తేడా వస్తుందని అనుకుంటున్నారా?"

"తెలియదమ్మా," అన్నారు. "వేస్తే కదా తెలిసేది. ఇప్పుడు డ్యూటీ లేదు. వేసి చెబుతాను."

ఆ నాలుగక్షరాల జవాబు ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఇంత నిజం నాకు ఇరవై తొమ్మిది ఇళ్లు తిరిగినా దొరకలేదు, మా ఇంట్లోనే దొరికింది. ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు మేడమ్ ముప్పై ఫారాలూ తిప్పారు. కొట్టివేత ఉన్న ఫారం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, అన్నిటికంటే పైన పెట్టారు. ఆ తర్వాత నా టాపిక్ కాగితం అడిగి తీసుకుని సంతకం చేశారు.

ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి డాడీకి చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. "తెలియదన్నందుకా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నారు: "క్లాసులో ఎవరన్నా తెలియదంటే బెంచీ ఎక్కించేవాణ్ణమ్మా. అదీ జవాబేనని నాకెవరూ చెప్పలేదు."