రెండు చేటల తవుడు

పద్దెనిమిది వందల తొంభై ఏడో సంవత్సరం జూన్ నెలలో నన్ను రామచంద్రపురం తాలూకాలో కాలవ రేవున్న ఒక ఊరి ఆసుపత్రికి మంత్రసానిగా వేశారు. అంతకుముందు మద్రాసులో ఏడాదిన్నర శిక్షణ పొంది పరీక్ష ప్యాసయ్యాను. లోకల్ ఫండు జీతం మీద పనిచేసే మంత్రసాని వేరు, ఊళ్లో పురుళ్లు పోసే ముసలమ్మ వేరు. నాకు సర్కారు ముద్ర ఉన్న సర్టిఫికెట్టు ఉండేది. అది ఉంది కదా అని ఎవరూ నన్ను పురిటికి పిలిచేవారు కాదు, అది వేరే సంగతి.

మా ఆసుపత్రిలో ఎనిమిది మంచాలు. దానికి పెద్ద పేర్రాజుగారు, మూడో తరగతి హాస్పిటల్ అసిస్టెంటు. జనం ఆయన్ని డాక్టరుగారనేవారు గాని, ఆ మాట కాగితం మీద రాసుకునే హక్కు ఆయనకి లేదు. ఆయన పైన అపోతికరీ, ఆ పైన కాకినాడలో జిల్లా సర్జను దొర. ఆయన కింద మందులు కలిపే కాంపౌండరు, నేను, ఒక ఆయా. పేర్రాజుగారు నిదానస్తుడు, మంచివాడు. రూలు పుస్తకంలో ఉంటే చేస్తాడు, లేకపోతే చెయ్యడు. నాకేమో నోటి దురుసు. మావారు బడిపంతులు. ఇంట్లో మా నలుగురు పిల్లలూ ఆయన అరిచినా వినేవారు కాదు, నేను ఒక్క చూపు చూస్తే పలకలు పట్టుకునేవారు. ఆసుపత్రిలో కూడా అలాగే నెగ్గుకురావచ్చనుకున్నాను.

శ్రావణమాసంలో ఒక మంగళవారం, సంత రోజు. పొద్దున్న తొమ్మిదింటికి రేవు నుంచి నలుగురు మనుషులు ఒక నులక మంచం మోసుకొచ్చారు. దాని మీద మంగ అనే పిల్ల, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వెనకాల నెత్తి మీద చేపల తట్టతో ఆమె అత్త సత్తెమ్మ. గోదావరి పాయ ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల పేట వాళ్లది. అత్తాకోడళ్లు సరుకు అమ్ముకోవడానికి పడవెక్కి సంతకొస్తే, రేవులో దిగుతూనే కోడలికి నెప్పులొచ్చాయి. లెక్క చూస్తే ఎనిమిదో నెల సగం కూడా కాలేదు. ఈ స్థితిలో పిల్లని సంతకెందుకు తెచ్చావమ్మా అని సత్తెమ్మ మీద ఎగిరాను.

"ఇంటికాడ ఒంటరిగా వదిలేసి రమ్మంటారేంటండీ?" అంది ఆవిడ. మంచం లోపలికి పట్టించాను.

గంటలో మగపిల్లాడు పుట్టాడు. పిల్లికూనలా సన్నగా ఏడ్చాడు, అయినా ఏడ్చాడు కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. వేణ్ణీళ్లు తెమ్మని ఆయాకి కేకేశాను. ఆయా రాలేదు. చూస్తే గుమ్మానికి అడ్డంగా సత్తెమ్మ నిలబడి ఉంది, చేతిలో ఒక చేట. వీడికి ముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారండి, వీణ్ణి మేం మావాడు అనకూడదు, మీరు కొనేసుకోండి అంది.

తెలియనివారి కోసం చెప్తాను. పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో, కొత్తగా పుట్టిన బిడ్డని చేటలో పెట్టి, పిల్లలు గట్టిగా ఉన్న ఇల్లాలికి తవుడికి అమ్ముతారు. బిడ్డ కొన్నవాళ్లదైపోతుంది, కన్నవాళ్లు పెంచుతారంతే. చేటెడు తవుడికి పోయిన బిడ్డ మీద ఏ దిష్టీ పడదని నమ్మకం. మనవైపు తవిటయ్యలూ తవిటమ్మలూ అలా వచ్చినవాళ్లే. నాకు నలుగురు పిల్లలనీ, నలుగురూ రాళ్లలా ఉన్నారనీ సత్తెమ్మ అప్పటికే ఆయాని అడిగి తెలుసుకుంది.

"ఇది ఆసుపత్రి, సంత కాదు" అని కసిరాను. ఆవిడ కదల్లేదు. వేణ్ణీళ్లు గుమ్మానికి అవతల, బిడ్డ ఇవతల. వాదించే తీరిక లేదు. పేర్రాజుగారి బస ఆసుపత్రి ఆవరణలోనే ఉంది, ఆయనకి పాడిగేదె ఉంది. నీళ్ల బిందె అక్కడ దింపేసి తవుడు పట్రమ్మని ఆయాని తరిమాను. అది తెచ్చిన చేటెడు తవుడు సత్తెమ్మ ఒడిలో పోసి, కొన్నానమ్మా కొన్నాను, ఇంక దారివ్వు అన్నాను. దారిచ్చింది.

అప్పుడు మంగ పొట్ట మీద చెయ్యేసి చూద్దును కదా, లోపల ఇంకో తల! పావుగంటలో ఆడపిల్ల పుట్టింది, అన్నకంటే చిన్నది. సత్తెమ్మ మళ్లీ గుమ్మంలోకొచ్చేసింది.

"దీనికీ పొయ్యాలండి."

ఆయా మళ్లీ పరిగెత్తింది. ఆ పూట గేదెకి కుడితి పల్చబడిందని పేర్రాజుగారి భార్య నన్ను నెల్లాళ్లు దెప్పింది.

సంతలోంచి తక్కెడ తెప్పించి తూచాం. పిల్లాడు వీశ మీద ఐదు పలాలు, పిల్ల వీశకి తక్కువ. మద్రాసు లెక్కలో మూడున్నర పౌన్లు, మూడు పౌన్లు. నెలలు నిండని బిడ్డ ఒంట్లో వేడి నిలవదు, బయటినుంచి మనమే ఇవ్వాలి. మందులు దిగుమతైన చెక్కపెట్టె ఒకటి ఖాళీ చేయించి, అడుగునా పక్కలా దూది పరిచి, గుడ్డలో చుట్టిన వేణ్ణీళ్ల సీసాలు చుట్టూ పేర్చి, ఇద్దర్నీ దూదిలో చుట్టి పడుకోబెట్టాను. సీసాలన్నీ ఒక్కసారి మార్చకూడదు, వేడి ఎగుడుదిగుడవుతుంది. ఒకటి తీసి ఒకటి పెట్టాలి, రాత్రింబవళ్లు. లోపల ఒక థర్మామీటరు. తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి పట్టాలి. పిల్లకి మింగే ఓపిక కూడా లేదు, దానికి కంట్లో మందు వేసే గాజుగొట్టంతో చుక్క చుక్కగా నాలిక మీద వేసేదాన్ని. ఒక్క ఔన్సు పాలు లోపలికి పంపేసరికి నా మెడ పట్టేసేది.

మంగ చెప్పిందల్లా చేసేది. ఒక్కటి మాత్రం చేసేది కాదు. పిల్లల్ని తనవాళ్లనేది కాదు. మీ బాబు కక్కాడండి, మీ పాప కళ్లు తెరిచిందండి అనేది. మా పాపకి నీ పాలెందుకే తల్లీ అని ఉడికిస్తే నవ్వి తలవంచుకునేది. పాలు పిండి ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకునేది, వాళ్ల మొహాలకేసి నిండా చూసేది కాదు. అది చూశాక ఉడికించడం మానేశాను.

ఆరో రోజున వాన తెరిపిచ్చింది. మంగ మొగుడు లచ్చన్న పడవ తెచ్చి రేవులో కట్టాడు. గోదావరికి ఎర్రనీరొచ్చిన రోజులు, పులస చేపలు ఎదురెక్కే కాలం. ఏడాదిలో ఆ నెలన్నరే వాళ్లకి నాలుగు వేళ్లూ లోపలికి పోయేది. ఇంటికి పోతామని సత్తెమ్మ మూట కట్టేసింది. పైగా ఆసుపత్రిలో ఉంటే మనుషులు పోతారని ఆవిడ భయం. ఇటువైపు చూస్తే, పాయ దాకా పడవలో అయిదు గంటల ప్రయాణం, పైన మబ్బు, సముద్రం గాలి. ఆ పెట్టె దాటితే పిల్ల ప్రాణాలతో ఊరి పొలిమేర కూడా దాటదని నాకు ఖాయంగా తెలుసు. పిల్లాడి మీద కూడా నాకు ఆశ లేదు.

పరుగున పేర్రాజుగారి దగ్గరికెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, రోగులు తమ ఇష్టం మీద వెళ్తామంటే ఆపే అధికారం మనకి లేదు రత్నమ్మగారూ, రిమార్కుల గడిలో ఆ ముక్క రాసి పంపడమే రూలు అన్నారు. రాసుకోండి, చక్కగా రాసుకోండి అని విసురుగా వెనక్కొచ్చి, పెట్టె ముందు నిలబడ్డాను. నోటికొచ్చింది అనేశాను.

"సత్తెమ్మా, మీ కోడల్ని తీసుకెళ్లండి. ఈ పిల్లలు నావాళ్లు. తవుడు పోసి కొనుక్కున్నాను. నేను పంపను."

లచ్చన్న తల్లికేసి చూశాడు. కాదంటే అమ్మకం చెల్లలేదన్నమాట, అమ్మకం చెల్లకపోతే పిల్లల మీద దిష్టి మళ్లీ వచ్చిపడుతుంది. సత్తెమ్మ ముప్ఫై ఏళ్లు సంతలో బేరాలాడిన మనిషి, ఊరికే వదులుతుందా!

"ఆయ్, తవుడు మీది కాదుగదండీ. డాక్టరుగోరి గేదెది. అలాగైతే పిల్లలు డాక్టరుగోరివాళ్లు. ఆయన్నే అడుగుదాం రండి."

పేర్రాజుగారు వెళ్లమని అప్పటికే చెప్పేశారని ఆవిడకి తెలుసు, అందుకే ఆ ఎత్తు. అందరం బిలబిలమంటూ ఆయన బల్ల ముందుకెళ్లాం. సత్తెమ్మ సంగతంతా చెప్పింది. ఆయన సావకాశంగా విని, కలం సిరాబుడ్డి పక్కన పెట్టారు.

తవుడు ఎవరిదని అడిగారు. తమదేనండీ అంది సత్తెమ్మ. ఇద్దరికీనా అన్నారు. రెండు చేటలండీ అంది. ఆయన రూలు పుస్తకం తీసి, కావలసిన పేజీ వెతికి, వేలు పెట్టారు.

"మైనరు రోగిని ఆసుపత్రి నుంచి తీసుకెళ్లాలంటే తండ్రి ఒప్పుకోలు కావాలని ఉంది. తండ్రిని నేనేనని మీరే అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు."

లచ్చన్నకి నవ్వాగక తలపాగా గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సత్తెమ్మ, బేరం పోయిందని తెలిసిన మనిషిలా మూట విప్పేసింది. పడవ లచ్చన్న ఒక్కడితోనే వెళ్లింది. నేను కాంపౌండరు గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను, ఆ తరవాత నవ్వాను. రిజిస్టరులో తండ్రి పేరు లచ్చన్న అనే ఉంది లెండి. పేర్రాజుగారు అంత దూరం పోలేదు.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం పిల్ల ఊపిరి ఆపేసింది. కనిపెట్టింది సత్తెమ్మే. నేను అరికాలు మీద చిటికెలు వేసి, వీపు రుద్ది, ముక్కులో పాలచుక్క తుడిచేసరికి ఎక్కి ఎక్కి ఏడ్చింది. ఆ రోజు నుంచి సత్తెమ్మ పెట్టె దగ్గర్నుంచి లేస్తే ఒట్టు. సీసాల వంతు ఆవిడే తీసుకుంది. చెయ్యి పెట్టి చూసి వేడి ఎంతుందో చెప్పేది, థర్మామీటరు కూడా అదే చెప్పేది. మద్రాసులో నాతో చదివినవాళ్లలో సగం మందికి ఆ చెయ్యి లేదు.

మూడు రోజులకోసారి లచ్చన్న వచ్చి, డాక్టరుగారికని ఒక పులస తెచ్చేవాడు. పేర్రాజుగారింట్లో చేప వాసన కూడా గిట్టదు. అంచేత తండ్రి హోదా ఆయనదీ, పులుసు మా ఇంటిదీ అయ్యింది. ఆ నెలన్నరా మా పిల్లలు నా ఉద్యోగం మీద ఎన్నడూ లేని గౌరవం చూపించారు.

ఆరో వారానికి పిల్లాడు అయిదున్నర పౌన్లు, పిల్ల అయిదు. ఇద్దరూ తల్లి దగ్గర పాలు కుడుస్తున్నారు. ఇక పంపొచ్చన్నాను. పేర్రాజుగారు సత్తెమ్మని పిలిచి, నా పిల్లల్ని మీ దగ్గర పెంపకానికి పంపుతున్నాను, ప్రతి మంగళవారం సంతకొచ్చినప్పుడు తెచ్చి నాకు చూపించాలి అన్నారు. ఆ రోజుల్లో ఆసుపత్రి గడప దాటినవాళ్లు మళ్లీ మొహం చూపించేవారు కాదు, రమ్మని ఎంత బతిమాలినా సరే. వీళ్లు ఒక్క మంగళవారం తప్పలేదు. టీకాలవాడు వస్తున్నాడంటే పిల్లల్ని ధాన్యపు గాదెల్లో దాచే కాలంలో, వీళ్లిద్దరికీ పేర్రాజుగారు తన చేత్తో టీకా వేశారు. సత్తెమ్మ నోరెత్తలేదు సరికదా, తరవాతి వారం పేటలోంచి ఇంకో ఏడుగురు పిల్లల్ని పడవలో పోసుకొచ్చింది.

ఏడాది తిరిగాక ఒక మంగళవారం మంగ పిల్లాణ్ణి బల్ల మీద కూచోబెట్టి, మావాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడండి అంది. అన్నాక ఉలిక్కిపడి అత్తకేసి చూసింది. సత్తెమ్మ చేపల తట్ట సర్దుకుంటూ వినబడనట్టు ఊరుకుంది. మంగ పిల్లాణ్ణి ఎత్తుకుని, వాడి మొహంలోకి తనివితీరా చూసుకుంది. నేను పిల్ల బరువు తూచే పనిలో పడ్డాను.

ఆ తరవాత ఇరవై ఏడేళ్లు అయిదు ఊళ్లలో పనిచేశాను. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. పురుడు పోసే అధికారం సర్టిఫికెట్టు ఇస్తుంది. పుట్టిన బిడ్డని నిలబెట్టుకునే అధికారం మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు దాన్ని ఏ రూపంలో ఇచ్చినా పుచ్చుకోవాలి. ఆ రోజు నేను పుచ్చుకోలేదు, ఇది సంత కాదని కసిరాను. సత్తెమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి నా చేత బలవంతాన పుచ్చుకునేలా చేసింది. ఆవిడ పక్కకి తప్పుకుని ఉంటే, ఆరో రోజున ఆ పడవలో ఇద్దరు పిల్లలూ వెళ్లిపోయేవారు.