కొండ దిగిన నెమలి టోపీ

మొన్న కరీంనగర్‌లో కొత్త బట్టల దుకాణం తెరుస్తున్నరంటే మనుమరాలితో పోయిన నాకు, గడప ముందర నలుగురు పిలగాండ్లు కాగితపు ఈకల టోపీలు పెట్టుకొని గోండుల గుస్సాడీ ఆట పేరుతో గెంతుతుండటం, వచ్చినవాళ్లు ఆ టోపీలు గుంజి నెత్తిన పెట్టుకొని సెల్ఫీలు దిగుతుండటం చూడంగనే రోత పుట్టింది. ఆ రోతలో సగం వాళ్ల మీద; మిగతా సగం నా మీదనే.

నా పంతులు కొలువు మొదటి ఏండ్లు ఉట్నూరు పైన ఒక గోండు గూడెంలో గడిచినయి. చలిజ్వరమొచ్చి పడిపోతే గూడెం పటేల్ నన్ను తన ఇంట్ల పండబెట్టుకుంటే, ఆయన భార్య జొన్న గట్క కాచి పోసి బతికించింది. దీపావళి ముందర దండారి పండుగ మొదలైతే, సన్నాయి వంటి పెప్రె ఊదే ముసలాయన ఊపిరికి కొండంతా పలికేది. నెమలి పింఛాల టోపీ పెట్టిన గుస్సాడీ వాళ్లకు ఉత్త ఆటగాడు కాదు, దేవుడు పూనినవాడు; పండుగ ముగిసేదాక స్నానం చెయ్యడని, పూజ చెయ్యంది ఆ టోపీని ముట్టరని పటేల్ కూసోబెట్టి నాకు చెప్పిండు.

అసొంటి మనుషులను, ఎండకాలంల పట్నంలో మా శాఖ పెద్దసారు సభ ఉందని, వాళ్లు ఆడితే నా బదిలీ కదులుతదని, నేనే లారీ ఎక్కించిన. "దండారి కాని దినాల టోపీ బయటికి తియ్యం గురూజీ" అన్నడు పటేల్. "నేనున్న గద, రాండ్రి" అన్న.

పొద్దంతా ఎండల నిలబెట్టిండ్రు. మాపటికి పెద్దసారు వచ్చి, ఆట నడుమ వేదిక దిగి, గుస్సాడీ కట్టిన పటేల్ తమ్ముని నెత్తి మీది టోపీ తీసి తాను పెట్టుకొని ఫొటో దిగిండు. పెప్రె ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టిండ్రు, నేనూ కొట్టిన.

గూడెం చేరినంక కాళ్ల మీద పడబోతే పటేల్ లేవదీసి, "తెల్వక చేసినవ్, ఫికర్ చెయ్యకు గురూజీ" అన్నడు. తెలిసే చేసిన అన్న మాట లోపల్నే మింగుకున్న. ఆ ఏడు గూడెంలో దండారి ఆడలే. నాకు బదిలీ అయితే వచ్చింది.

దుకాణం కాడి ఆ తమాషా చూసినంక ఇంట్ల నిలువబుద్ధి కాక, వారం దిరగకముందే గూడేనికి పోయిన. పటేల్ పోయి చానా ఏండ్లాయెనట. చూపు ఆనని ఆయన భార్య నా గొంతు పట్టి గురుతుపట్టింది. ఇన్నేండ్లు మింగుకున్న మాట ఆమె ముందర కక్కిన.

"ఆయనకు ఎరికే గురూజీ," అన్నదామె. "నీ మొకం చిన్నగైతదని అట్లన్నడు."

అన్నీ ఎరిగి కూడా ఎదుటివాని సిగ్గు దాచే మనుషుల నడుమ బతికినం మనం. అప్పుడది మామూలు సంగతే అనుకున్నం.